చెంబు బొజ్జ మీద అక్షరాలు

జగ్గయ్యపేట పాత్రల బజారులో ప్రమీలారాణి గురించి ఒక మాట చాలాకాలం తిరిగింది. శ్రీమన్నారాయణ గారి ఇత్తడి కొట్టులో ఆవిడ పాత్రల మీద పేర్లు కొట్టే మనిషి. షావుకారు కొడుకు కిషోర్ ఇంటర్నెట్‌లో సామాను అమ్మడం మొదలుపెట్టి, ఫోటోల మీద రాతలు పెట్టే పని ఆవిడకే అప్పగించాడు. ఆవిడ ఆ రాతల్ని కావాలనే చెక్కినట్టు కనపడేలా పెట్టిందట. కొన్నవాళ్ళు గొడవ చేస్తే మళ్ళీ తన మిషన్‌కే పని పడుతుందని ఆవిడ ఎత్తట.

"పైకి మెత్తన, లోపలంతా లెక్కే," అనేవాడు ఎదురు కొట్టు తిరుపతిరావు, అల్యూమినియం గిన్నెల మధ్య కూర్చుని. "షట్టర్ సగం దించుకుని రెండు మధ్యాహ్నాలు మిషన్ ఆడించింది. ఆ జుయ్‌మనే చప్పుడు ఇక్కడికి వినపడలేదా ఏంటి? ఆ పని కోసమే అంత కథ నడిపింది మరి."

ప్రమీలారాణి వినీ విననట్టు తల దించుకుని వెళ్ళిపోయేది. ఆవిడ భర్త రత్తయ్య ముక్త్యాల సిమెంటు ఫ్యాక్టరీలో లారీలకి లోడు ఎత్తేవాడు. పెళ్ళయి పేటకి వచ్చిన కొత్తల్లోనే ఆవిడ ఈ కొట్టులో చేరింది. తొంభైల మొదట్లో షావుకారు కరెంటుతో నడిచే పేర్ల మిషన్ కొన్నాడు. లావుపాటి పెన్నులా ఉండి, చేతిలో తేనెటీగలా వణికేది. అది ఎవరి చేతి మాటా వినలేదు. ఈవిడ చేతి మాట విన్నది.

ఆవిడ పద్ధతి వేరు. మిగతా కొట్లలో పేరుని బల్ల మీద గీత గీసినట్టు తిన్నగా కొట్టేవారు. ఈవిడ చెంబుని ఒళ్ళో గుడ్డ మీద పెట్టుకుని, ముందు సుద్దతో దాని బొజ్జ చుట్టూ ఒక గీత తిప్పేది. అక్షరాలు ఆ గీత మీద కూర్చుని, చెంబు ఎటు తిరిగితే అటు తిరిగేవి. పెళ్ళి బిందెలు, గృహప్రవేశం పళ్ళేలు, పోయినవాళ్ళ జ్ఞాపకార్థం పంచిన గ్లాసులు. ఇటు పేటలోనూ అటు నందిగామలోనూ ఆవిడ అక్షరాలు లేని అటక తక్కువ.

ఏళ్ళ తరబడి ఆ వణుకు పట్టుకోగా పట్టుకోగా ఆవిడ కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు మొద్దుబారిపోయాయి. ఆ సంగతి ఒకరోజు పొయ్యి దగ్గర తెలిసింది. వేలు కాలితే మంట కంటే ముందు వాసన తగిలింది. ఇంట్లోనూ చెప్పలేదు, కొట్లోనూ చెప్పలేదు. చేతికి పట్టు లేదని తెలిస్తే ఇక ఆ కొట్లో తనకు చోటు లేదని ఆవిడ భయం. కంటితో చూసుకుంటూ నెమ్మదిగా నెట్టుకొచ్చింది.

కిషోర్ కంప్యూటర్ తెచ్చి మూలగదిలో పెట్టినప్పుడు ఎన్నడూ నోరెత్తని మనిషి తనంతట తనే అడిగింది.

"బాబూ, ఫోటోల మీద రాతలు నేను పెట్టనా? అక్షరాలేగా."

"మౌస్ పట్టుకోవడం వచ్చా అక్కా?"

"వణుకుతుందా అది?"

"వణకదు."

"అయితే వస్తది."

కిషోర్ నవ్వాడు గానీ నేర్పాడు. అతనికీ మనిషి కావాలి. అప్పటికే మొదలుపెట్టిన వ్యాపారాలు రెండు పోయాయి. దసరాలోపు ఇదీ నిలబడకపోతే నోరు మూసుకుని గల్లా దగ్గర కూర్చోమని తండ్రి చెప్పేశాడు. ఇది పోతే కంప్యూటర్ పోతుంది. కంప్యూటర్ పోతే ప్రమీలారాణి మళ్ళీ మిషన్ దగ్గరికి వెళ్ళాలి. అది అతనికి తెలియదు. ఆవిడకి తెలుసు.

తెల్ల పంచె పరిచి, దాని మీద చెంబులు, బిందెలు, గంటలు పెట్టి కిషోర్ ఫోటోలు తీసేవాడు.

"ఉత్త ఫోటో పెడితే ఎవడూ ఆగడక్కా. దాని మీద ఏదో ఒకటి అరుస్తుండాలి," అని వేరేవాళ్ళ ఫోటోలు చూపించాడు. ఎర్ర చుక్కలు, వాటిలో తెల్లటి అక్షరాలు.

ఆవిడకి అది సామాను మీద కుంకుమ ఒలికినట్టనిపించింది. తన పద్ధతిలో పెట్టింది. ఇత్తడి నీడలోంచే రంగు తీసుకుని, మాటని బొజ్జ వెంబడి వంచింది. చెంబు మీద 'గృహప్రవేశ కానుక', బిందె మీద 'పెళ్ళివారికి మంచి ధర', గంట మీద 'ఉచిత రవాణా'.

"అచ్చం చెక్కినట్టుందక్కా," అన్నాడు కిషోర్. ఇద్దరూ మురిసిపోయారు.

అందులో ప్రమాదం ఉందని ఇద్దరికీ తట్టలేదు. తట్టే వీలు కూడా లేదు. పాత్రల బజారులో పేరు కొట్టేది కొన్న తర్వాత, కొన్నవాళ్ళ కళ్ళముందు. ముందే రాసున్న పాత్రని కొట్లో పెడితే, అది ఎవరిదో తాకట్టుదనో దొంగదనో అనుకుని చెయ్యి కూడా వెయ్యరు. అమ్మే చెంబు మీద అక్షరాలు ఉంటాయని పేటలో పుట్టినవాళ్ళెవరూ అనుకోరు. కానీ కొనేవాళ్ళు బెంగుళూరులోనూ పూనాలోనూ ఉన్న తెలుగువాళ్ళు.

మొదట గంట కొన్నాయన రాశాడు. 'గంట గుడికి ఇవ్వాలండి. దాని మీద ఉచిత రవాణా అనేది దయచేసి చెక్కకుండా పంపండి.' కిషోర్ అది పైకి చదివితే షావుకారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ నవ్వాడు. "స్వామివారికి రవాణా ఎక్కడికిరా," అన్నాడు. అక్కడితో మరిచిపోయారు.

ఆ తర్వాత చెంబులు తిరిగొచ్చాయి. ఒకటి కాదు, డబ్బా నిండా. అందరిదీ ఒకటే ఫిర్యాదు. ఫోటోలో ఉన్న అక్షరాలు వచ్చిన చెంబు మీద లేవు, మోసం. అమ్మించే సైటు వాళ్ళు కూడా రాశారు. కొన్నవాళ్ళని వెంటనే ఒప్పించకపోతే తమ సైటులో కిషోర్ కొట్టు మూసేస్తామన్నారు.

కిషోర్ మొహం పాలిపోయింది. షావుకారు మాత్రం తేలిగ్గా తీసుకున్నాడు. "కొడితే పోయేదానికి ఇంత ఇదెందుకు? ప్రమీలా, ఆ మిషన్ దించు. లేని అక్షరాలు ఉండేట్టు చేసి పంపుదాం." అని, కొడుకుని వెంటబెట్టుకుని కొరియర్ వాళ్ళతో మాట్లాడడానికి నందిగామ బస్సెక్కాడు.

ప్రమీలారాణి మిషన్ దించింది. చెంబు ఒళ్ళో పెట్టుకుంది. గీత బాగానే తిప్పింది. 'గృ' సగంలో ఉండగా పెన్ను జారి, బొజ్జకి అడ్డంగా పొడుగాటి గాటు పడింది. ఆవిడ దాన్ని కొంగుతో తుడిచింది. మళ్ళీ తుడిచింది.

గల్లా దగ్గర కూర్చున్న షావుకారు భార్య వాసవాంబ అంతా చూస్తూనే ఉంది.

"తుడిస్తే పోద్దా? ఏదీ, చెయ్యి ఇటు చూపించు."

"ఏం లేదమ్మగారూ."

"లేందే అంత గాటు పడిందా?"

వాసవాంబ దిగి వచ్చి, గాజుకి తగిలించుకున్న పిన్నీసు తీసి, దాని మొన ఆవిడ బొటనవేలికి ఆనించింది.

"తెలుస్తోందా?"

"లేదమ్మా."

"ఇప్పుడు?"

"లేదు."

వేలి మీద చిన్న రక్తపు చుక్క నిలిచింది. వాసవాంబ పిన్నీసు మూసి మళ్ళీ గాజుకి పెట్టుకుంది.

"ఎన్నాళ్ళయింది?"

"చాన్నాళ్ళయింది."

"నోట్లో నాలుక లేదుటే నీకు?"

"మిషన్ పట్టుకోలేనంటే ఇక్కడ నాకేం పనుందమ్మా? అందుకే బాబుని అడిగి అందులోకి వెళ్ళా. అదీ ఇలా చేసుకున్నా."

వాసవాంబ చెంబుల డబ్బా వైపు చూసింది. బయట ఎండకి బజారు పలచబడింది. ఎదురుగా తిరుపతిరావు విసనకర్రతో విసురుకుంటున్నాడు.

"షట్టర్ సగం దించు. ఆ ఎదురు కొట్టాయన చూపు పడిందంటే సాయంత్రానికి ఊరంతా తెలుస్తది," అంది. "సుద్దతో గీయగలవుగా?"

"కంటితో చూసుకుంటూ గీయగలనమ్మా."

"అయితే గియ్యి."

తండ్రీ కొడుకులు మర్నాడూ నందిగామ వెళ్ళారు. రెండో రోజు సాయంత్రానికి చెంబులన్నీ మళ్ళీ ప్యాకయ్యాయి. గాటు పడినదాన్ని వాసవాంబ తమ ఇంటి వాడకానికి ఉంచేసుకుంది. షావుకారు ఒక చెంబు చేతిలో తిప్పి చూసి, "అక్షరం కాస్త కుంటుతోందేం ప్రమీలా, ఈసారి?" అన్నాడు. వాసవాంబ గల్లా దగ్గర చిల్లర సర్దుకుంటూ, "బానే ఉన్నాయి, పంపండి," అంది.

ఆ చెంబుల్లో ఒక్కటీ తిరిగి రాలేదు. కిషోర్ కొట్టు మూతపడలేదు. ప్రమీలారాణి మూలగదిలోనే ఉండిపోయింది. అప్పటి నుంచి రాతల్ని సామాను మీద పెట్టలేదు. పక్కన తెల్ల పంచె మీద, కిషోర్ కోరిన ఎర్రరంగులోనే, తిన్నగా పెట్టింది. మొదట్లో ఆ తిన్నటి వరసలు ఆవిడకి చూడబుద్ధయ్యేది కాదు. తర్వాత అలవాటు పడింది.

తిరుపతిరావు మాత్రం తన మాట తాను చెబుతూనే ఉన్నాడు. అతను చెప్పిన షట్టర్ నిజమే, మిషన్ చప్పుడూ నిజమే. ఆ రెండు మధ్యాహ్నాలూ మిషన్ పట్టుకున్నది వాసవాంబ.