నావల కచేరీ మునిగిన రోజు

మా చిన్నప్పుడు... చంపాపేట్‌లో మా ఇంటి మిద్దె ఎక్కితే చెరువు కనిపించేది. చెరువు నడుమ ఒక దిబ్బ, దాని మీద నల్లరాతి కట్టడం. అందరూ దాన్ని ‘నావల కచేరీ’ అనేవాళ్ళు, అంటే పడవల సర్కారు ఆఫీసు.

నిజాం కాలంలో అవతలి గట్టు ఊళ్ళ నుంచి వడ్లు, జొన్నలు పడవల మీద వచ్చేవట. ప్రతి పడవా ముందు ఆ దిబ్బ దగ్గర ఆగాలి. సర్కారు మనిషి సరుకు చూసి సరేనంటేనే ఇవతలికి కదిలేది. రోడ్డు పడ్డాక పడవలు ఆగిపోయాయి... కచేరీ ఖాళీ అయింది.

ఇవన్నీ చెప్పింది యాదగిరి మామ. వాళ్ళ తాత అక్కడే పడవ నడిపాడట. మామ చేపలు పట్టుకుంటూ, భార్య లక్ష్మమ్మతో ఆ కచేరీలోనే ఉండేవాడు. ఎండాకాలం నీళ్ళు తగ్గితే మేము నడిచి వెళ్ళేవాళ్ళం. అత్త వేడివేడి చేపముక్కలు పెట్టేది. ఆ గోడలు మాత్రం మండుటెండల్లో కూడా చెమ్మగా, చల్లగా ఉండేవి... నాకెందుకో భయమేసేది.

తర్వాత లారీలొచ్చాయి. ప్లాట్ల కోసం చెరువులో మట్టి పోశారు. చెరువు ఇరుకైనకొద్దీ నీళ్ళు కచేరీ మెట్లెక్కసాగాయి.

మా నాన్నది లారీ టైర్ల పంక్చర్ దుకాణం. ఒకరోజు మామతో అన్నాడు. “గీ వానకాలం ఆడ ఉండకు యాదగిరీ. మా ఇంటికొచ్చెయ్యుండ్రి.”

“ఏం కాదన్నా. నీళ్ళు మాకు కొత్తనా?” అని నవ్వాడు మామ.

అత్త నవ్వలేదు. “గోడలకెల్లి మట్టి రాలుతుందన్నా. జర నువ్వన్న గట్టిగ చెప్పు...”

ఆ ఏడు ముసురు పట్టి వదల్లేదు. ఒక మధ్యాహ్నం మిద్దె మీది నుంచి చూస్తే దిబ్బ లేదు... ఎర్రటి నీళ్ళలో కచేరీ ఒక్కటే నిలబడి ఉంది. దాని కప్పు మీద అత్త చీర కొంగు ఊపుతోంది.

నాన్న లారీ ట్యూబులు, మోకు తీసుకుని పరుగెత్తాడు. నడుముకు మోకు కట్టుకుని నీళ్ళలోకి దిగితే, గట్టు మీద నలుగురు పట్టుకున్నారు. ముందు అత్తను తెచ్చాడు. మళ్ళీ మామ కోసం వెళ్ళాడు. మామ కప్పు మీది నుంచి వంగి చేయి అందించాడు...

పెద్ద చప్పుడేమీ కాలేదు. చెరువు వైపు గోడ నీళ్ళలోకి కూర్చుండిపోయింది, అంతే. దానితోపాటే మామ కూడా.

నాన్నను మోకుతో లాగారు. గట్టు మీద కూర్చుని తన అరచేతిని చూసుకుంటూ “పట్టుకున్ననే... పట్టుకున్ననే...” అంటూనే ఉన్నాడు. తర్వాత ఏ వానాకాలమూ ఆయన మిద్దె ఎక్కలేదు.

అత్త నల్గొండ దగ్గర పుట్టింటికి వెళ్ళిపోయింది. నీళ్ళు తగ్గాక కచేరీ రాళ్ళు కూడా లారీల్లోనే పోయాయి. దిబ్బ చదునైంది.

మొన్న అత్త ఎల్‌బీ నగర్‌లో బస్సు దిగి ఫోన్ చేసింది. ఆ చోటు చూస్తానంటే తీసుకెళ్ళాను. ఇప్పుడక్కడ అపార్ట్‌మెంట్లు. గేటు దగ్గర వాచ్‌మన్‌ను అడిగింది. “ఈడ చెరువుండె గద బిడ్డా?”

“ఏం చెరువమ్మా?” అన్నాడతను.

లోపల, సెల్లార్‌లో మోటారు నడుస్తోంది. వాన పడి వారమైంది... నీళ్ళు ఇంకా తోడుతూనే ఉన్నారు.

మీ కాలనీ కింద ఏ చెరువు ఉండేదో ఇంట్లో పెద్దవాళ్ళను అడిగారా? తెలిస్తే ఇక్కడ దాని పేరు రాయండి... ఆ పేర్లు గుర్తున్నవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు.