వారం ముందు ఎర్ర చుక్క

నా బిడ్డకు చేస్తున్న ఉద్యోగమే పర్మనెంటుగా ఖాయమైందని కాగితం వచ్చిన పొద్దుటే, ఆమెకు కంప్యూటర్ నేర్పిన గురూజీ పోయారని ఆయన ఊరు కొంటా నుంచి ఫోన్ వచ్చింది. మిఠాయి డబ్బా నా చేతిలోనే ఉండిపోయింది. నేను ఐదో తరగతి చదివినవాణ్ణి. ఆ మహానుభావుడి గురించి నాకు తెలిసినంతే రాస్తున్నాను.

నా బిడ్డ బీజాపూర్ వైపు ఒక చిన్న ఆసుపత్రిలో కంప్యూటర్ చూసుకుంటుంది. పోయిన వర్షాకాలంలో బియ్యం ఇవ్వడానికి వెళ్ళాను. సంత రోజు. జ్వరాలతో వచ్చినవాళ్ళు వరండా నిండా ఉన్నారు. వాళ్ళ రక్తపరీక్షల ఫలితాలన్నీ కంప్యూటర్లోనే ఉన్నాయి. అది మాత్రం ల్యాబ్ సిస్టర్‌ను లోపలికి రానివ్వడం లేదు. నా బిడ్డ సిస్టర్ పాస్‌వర్డ్ మూడుసార్లు మార్చింది. అయినా అదే మాట, గడువు ముగిసిందని.

ఒక తల్లి ఒళ్ళో పిల్ల వణుకుతోంది. ఆ పిల్ల రక్తపరీక్ష కాగితం రావాలి. నా బిడ్డ గురూజీకి ఫోన్ కలిపి, స్పీకర్ పెట్టింది.

"ఏంది బిడ్డా, ఏడుస్తున్నవా? కళ్ళు తుడుచుకో, కళ్ళతోనే పని. చేజ్ అని కొట్టు, గీత పెట్టి ఎల్ కొట్టు, సిస్టర్ పేరు రాయి. ఆమె గడువులన్నీ చూపిస్తది. వచ్చింది వచ్చినట్టు చదువు."

చదివింది. పాస్‌వర్డ్‌కు ఇంకా మూడు నెలల గడువుంది. కింద ఇంకో వరసలో ఖాతా ముగిసే తేదీ ఉంది. అది నిన్నటితో అయిపోయింది.

"చూసినవా? తాళంచెవి కొత్తది చేస్తివి, గదికే గడువు అయిపోయింది. ఆమెకు కాంట్రాక్టు పెంచిండ్రు గానీ మిషన్‌కు ఎవడు చెప్పిండు?"

"గురూజీ, ఈ గడువులే వద్దు. అందరికీ తీసేస్తా."

"భయంతోటి తలుపులన్నీ తీసి పెడతవా? పని మానేసి పోయినోళ్ళ ఖాతాలు కూడా తెరుచుకునే ఉంటయి. లోపల రోగుల పేర్లున్నయి తల్లీ. కొత్త కాంట్రాక్టు ముగిసే తారీఖే వెయ్యి. వేసి నాకు చెప్పు."

వేసింది. తెరుచుకుంది. ఆ పిల్లది మలేరియా అని కాగితం వచ్చింది, మందు పడింది. నేను ఫోన్‌కే దండం పెట్టాను.

గురూజీకి ఒక అలవాటు. శిష్యులు చెప్పిన ప్రతి గడువుకూ వారం ముందు, తన గోడ క్యాలెండర్‌పై ఎర్ర పెన్సిల్‌తో చుక్క పెట్టేవారు. ఆ రోజు టీ తాగకముందే ఫోన్ చేసేవారు. "భయపడేదేందో వారం ముందే పడు బిడ్డా, ఆ రోజుకు తీరిగ్గా ఉంటవ్" అనేవారు. జబ్బుపడి మందులకు కూడా లేవలేని రోజుల్లోనూ చుక్కకు లేచేవారట, గురూజీ ఇంటామె చెప్పింది.

నా బిడ్డతో పరామర్శకు వెళ్ళినప్పుడు ఆ క్యాలెండర్ చూశాను. వచ్చే నెలలో ఒక చుక్క, పక్కన నా బిడ్డ పేరు. అది సిస్టర్ ఖాతా గడువుకు వారం ముందు రోజు. ఆయన లేని నెలలో ఆయన పెట్టిన చుక్క. ఇక ఎవరు గుర్తు చేస్తారు?

ఇంటామె క్యాలెండర్ మేకు నుంచి తీసి నా బిడ్డకు ఇచ్చింది. నా బిడ్డ దాన్ని నా చేతిలో పెట్టింది.

"నాయినా, ఆ పొద్దు నువ్వు ఫోన్ చెయ్యి."

ఇప్పుడు అది మా ఊరు మరైగూడలో మా ఇంటి గోడకు ఉంది. నా బిడ్డ ఉద్యోగం ఖాయమైన సంతోషం ఒంటినిండా ఉన్నా, మరిచిపోతానేమోనన్న భయం అంతకన్నా పెద్దది. రోజూ లేవగానే ఆ చుక్క మీద వేలు పెట్టి, చెప్పాల్సిన మాట ఒకసారి పైకే అనుకుంటున్నాను: "బిడ్డా, ఇంక వారమే ఉంది."