దేవరాజులు బండికి కాణిపాకం ప్రమాణం

ఐరాల దేవరాజులు పూలబండిని ఎరగనివాళ్లు ఆ చుట్టుపక్కల లేరు. ముందు జీపు మొహం, వెనక చెక్కతొట్టి. ఎవరో కాంట్రాక్టరు వాడి వాడి విసిగి అమ్మేస్తే కొన్నాడు. తోటల్లో కోసిన చామంతి గంపలకెత్తి, తెల్లవారేసరికి తిరుచానూరు పూల అంగళ్లకు చేర్చడం ఆయన పని. గంపలు జారకుండా వాటి మధ్య కూర్చోవడం ఆయన భార్య కుప్పమ్మ పని.

దేవరాజులు మంచివాడు. ఆయనకున్న ఒకే ఒక్క జబ్బు ఆ బండి మీద అతిప్రేమ. చలికాలం పొద్దున అది స్టార్టు కాకపోతే, దానికి నిద్ర చాల్లేదు అనేవాడు. రేడియేటరు కారితే చెమట పట్టింది అనేవాడు. బండికి రోగమే లేదనేవాడితో ఏ మరమ్మతు అవసరం, ఏది కాదు అని మాట్లాడడం ఎవరివల్ల అవుతుంది?

ఎమర్జెన్సీ ఎత్తేసిన మరుసటి ఏడు కార్తీకంలో మాట్లాడక తప్పలేదు. తిరుచానూరు అమ్మవారి బ్రహ్మోత్సవాలు మొదలవుతున్నాయి. మంగళవారం నుంచి రోజూ నిండు లోడు. బండిని షెడ్డులో వదలడానికి ఉన్నది సోమవారం ఒక్కటే. అందుకని ఆదివారం పొద్దున్నే కుప్పమ్మను కూడా ఎక్కించుకుని, బండిని చిత్తూరు తీసుకుపోయి మెకానిక్కు శాంతయ్యకు చూపించాడు. ఐరాల బడిపంతులునైన నేను కూడా, చిత్తూరులో పనుండి, అదే బండి ఎక్కాను.

శాంతయ్య బండి కిందికి దూరి చాలాసేపు చూశాడు. ఇంజనాయిలు మార్చడం, రేడియేటరు గొట్టం వేయడం ఎంతసేపు, చేసేద్దాం అన్నాడు. కానీ క్లచ్చు ప్లేటూ మార్చాలట, బ్రేకు లైనింగులూ మార్చాలట. క్లచ్చుకు గేరుబాక్సు దించాలి, దానికే పొద్దు సరిపోతుంది. నాలుగు చక్రాలూ విప్పి లైనింగులు వేయడానికీ అంతే. సోమవారం ఒక్కరోజులో రెండూ కావు, ఏదో ఒకటే.

లైనింగులనగానే దేవరాజులుకు కోపం వచ్చింది. ఉగాదికే కదా కొత్తవి వేసింది, అప్పుడే ఎట్లా అరుగుతాయి, నువ్వు వేసినవే పాతవి అయివుండాలి అన్నాడు. తన చేతిపని మీద ఇంతవరకూ ఎవరూ అట్లాంటి మాట అనలేదని శాంతయ్య నొచ్చుకున్నాడు. ఆ గొడవలో కుప్పమ్మ మాట ఎవరికీ వినపడలేదు.

"వాలు మీద గంపల్లో కూసునేది నేను గద. నాకు బ్రేకు పట్టల్లా, వద్దా?"

మా జిల్లాలో తగువు ఇంతదూరం వస్తే ఇక కాణిపాకమే. స్నానం చేసి, తడిబట్టలతో వినాయకుడి ముందు నిలబడి అబద్ధమాడే ధైర్యం మావాళ్లకు లేదు. గట్టు జరపలేదనేవాడూ, తప్పిపోయిన మేక తనదేననేవాడూ అక్కడికే పోతారు. బ్రేకు లైనింగుల కోసం పోయినవాళ్లు మాత్రం నాకు తెలిసి వీళ్లే.

"పద కాణిపాకం. ఏది నిజంగా కావాల్నో తడిబట్టల్తో జెప్పు," అన్నాడు దేవరాజులు.

"నేను జెప్తా. నువ్వు బండి ఎట్లా తోల్తాండావో నువ్వూ జెప్పాల," అన్నాడు శాంతయ్య.

సాక్షిగా నేను దొరికాను. కాణిపాకం చేరాక, సాక్షికి కోనేటి స్నానం అక్కర్లేదనుకున్నాను గానీ కుప్పమ్మ ఒప్పుకోలేదు. పొడిబట్టలు మూటగట్టి తాను పట్టుకుని, నీళ్లోడుతున్న మా ముగ్గురినీ లైనులో నిలబెట్టింది. ఆ లైనులో నా శిష్యులు ఎంతమంది ఉన్నారో నేను చెప్పను.

ఆదివారం రద్దీ. లైను మెల్లగా కదులుతోంది. పళ్లు టకటకలాడుతున్నాయి. కొంతదూరం పోయాక శాంతయ్య గొంతు సవరించుకున్నాడు.

"రాజులన్నా, ఆ క్లచ్చు ప్లేటు ఇంకో ఏడాది వస్తాదిలే."

"అరిగిపోయింది అంటివే?"

"అరిగింది నిజమే. మార్చాల్సినంత కాదు. మద్రాసు నుంచి ఒకటి తెప్పించి పెట్నా. ఎవురికీ పనికిరాక షెడ్డులో పడుండాది. నీ బండికి ఏద్దామని."

దేవరాజులు గెలిచినవాడిలా నావైపు చూశాడు. శాంతయ్య అంతటితో ఆగలేదు. లైనింగులు మాత్రం కొత్తవే వేశాననీ, అవి అరిగిన మాటా నిజమేననీ, ఆ రెండింటికీ ప్రమాణం చేస్తాననీ అన్నాడు. ఎందుకు అరిగాయో తోలేవాడే చెప్పాలట.

లైను ఇంకాస్త కదిలింది. లోపల దీపం కనబడుతోంది. దేవరాజులు పంచె అంచు పిండుకున్నాడు. పిండిందే మళ్లీ పిండుకున్నాడు. వెనకున్న ఇద్దరు ముసలమ్మలను ముందుకు పొమ్మన్నాడు. తర్వాత పిల్లాజెల్లాతో ఉన్న ఒక కుటుంబం మొత్తాన్ని పొమ్మన్నాడు. ఆయన మర్యాదకు వాళ్లు మురిసిపోయారు గానీ కుప్పమ్మ మురవలేదు.

"కడుపులో ఏముండాదో జెప్పేసెయ్. అయివోరు సలికి వణికిపోతాండాడు," అంది నావైపు చూపిస్తూ.

అప్పుడు బయటపడింది. వాలు వచ్చిన చోటల్లా ఆయన తాళం తిప్పి ఇంజను ఆపేస్తాడట. గేరు తీసేసి బండిని దాని మానాన వదిలేస్తాడట. గేరులో ఉంటే ఇంజను పట్టి ఉంచే బరువంతా, గంపలతో, కుప్పమ్మతో సహా, ఒట్టి బ్రేకుల మీద పడుతోందన్నమాట.

"పెట్రోలు మిగలబెట్టుకునేదానికా?" అన్నాడు శాంతయ్య.

"కాదప్పా," అన్నాడు దేవరాజులు, తల దించుకుని. "ముసల్ది గద. దిగేటప్పుడన్నా రోంతసేపు ఊపిరి తీసుకుంటాదని."

 కుప్పమ్మ మూట ఆ చేతినుంచి ఈ చేతికి మార్చుకుంది.

"అది ఊపిరి తీసుకుంటాంటే, ఎనక నేను బిగబట్టుకోని కూసోనుండా," అంది.

ఇంతలో దేవుడి ముందుకు వచ్చేశాం. ప్రమాణం ఎవరిదని అర్చకులు అడిగారు. మగవాళ్లిద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"ప్రమాణం దావలోనే అయిపోయింది సామీ," అంది కుప్పమ్మ. "బండి పేరున ఒక అర్చన చెయ్యండి."

నక్షత్రం అడిగారు. తెలియదంది. తాము కొనేటప్పటికే అది ముసలిదట.

సోమవారం లైనింగులు వేశారు. క్లచ్చు ప్లేటు షెడ్డులోనే ఉండిపోయింది. మంగళవారం మొదటి లోడుతో నేనూ అమ్మవారి దర్శనానికి బయల్దేరాను. ఆ రోజు గంపల మధ్య కూర్చునే పని కుప్పమ్మ నాకు అప్పగించి, తాను ముందు సీటులో భర్త పక్కన కూర్చుంది.

చంద్రగిరి ఇంకా రాకముందే వాలు వచ్చింది. ముందు సీటు వెనకున్న అద్దంలోంచి చూస్తున్నాను. దేవరాజులు చెయ్యి స్టీరింగు వదిలి మెల్లగా తాళం వైపు పోయింది. అలవాటు మరి.  కుప్పమ్మ ఆయనవైపు చూడలేదు. పొడిగా ఉన్న తన పైటకొంగు అందుకుని, నీళ్లు కారుతున్నంత శ్రద్ధగా పిండడం మొదలుపెట్టింది.

చెయ్యి తాళాన్ని వదిలి గేరు మీదికి వచ్చింది. బండి గొణుక్కుంటూ, నెమ్మదిగా వాలు దిగింది. చామంతి గంపల మధ్య నేను ఊపిరి వదిలాను.