గంట కొడితే నీళ్ళు

ఆ వీధిలో గడియారాలు బాగుచేసే ఆయన్ని అందరూ ముల్లు బాబాయి అంటారు. మనిషి సన్నగా, నిటారుగా ఉంటాడు, ఒక్కచోట నిలవడు. ఆ పేరు పెట్టినవాడెవడో గాని బాగా చూసే పెట్టాడు. బాబాయికి అందుకు కోపమేమీ లేదు. పైగా ఎవరైనా టైమెంతని అడిగితే పొంగిపోతాడు. కొట్టు గోడల నిండా గడియారాలే. అవన్నీ ఒక్క గొంతుతో గంట కొట్టాలి. ఒకటి కాస్త వెనకబడినా ఆ పూట ఆయనకి అన్నం సయించదు. కాఫీ అయినా, భోజనమైనా, నిద్ర అయినా గంట కొట్టాకే. ఆకలేసినప్పుడు తింటే పోదా అని పెళ్ళయిన కొత్తల్లోనే అడిగింది ఆయన భార్య. ఆకలిని నమ్ముకుంటే బతికినట్టే అన్నాడట.

ఆవిడ వీధి మొత్తానికి పిన్ని. గడియారాలంటే ఆమెకి చిరాకు, మొక్కలంటే ప్రాణం. కొట్టు పైనే ఇల్లు, ఆ ఇంట్లో ఏ కిటికీ చూసినా కుండీలే. బాబాయిని వాటి మీద చెయ్యి వెయ్యనిచ్చేది కాదు. "మీరు ముట్టుకుంటే అవి కూడా టిక్కుటిక్కుమంటాయి" అని వెక్కిరించేది. అలాంటి పిన్ని, వేరే ఊళ్ళో ఉన్న కూతురికి పాప పుట్టిందని తెలియగానే పెట్టె సర్దేసుకుంది. కుండీలన్నీ కిందికి దింపించి, కొట్టు ముందున్న అద్దాల కిటికీ దగ్గర వరసగా పెట్టించింది. కళ్ళెదురుగా ఉంటేనన్నా మరిచిపోడని ఆమె ఆశ.

"మట్టి ఎండినప్పుడు నీళ్ళు పోయండి," అంది వెళ్తూ వెళ్తూ.

"ఎండినప్పుడంటే ఎన్నింటికి?"

"ఎన్నింటికేమిటండీ, నా మొహం! వేలు పెట్టి చూస్తే తెలుస్తుంది."

బాబాయి బుద్ధిగా తలూపాడు గాని, ఆ పద్ధతి ఆయనకి బొత్తిగా నచ్చలేదు. వేళాపాళా లేకుండా మట్టిలో వేళ్ళు పెట్టుకు కూర్చోవడమేమిటి? బస్సు కదలగానే కొట్టుకొచ్చి తన ఏర్పాటు తను చేసుకున్నాడు. గంట కొట్టినప్పుడల్లా చెంబు పట్టుకుని లేచి, తలా ఓ గుక్కెడు నీళ్ళు. మనీప్లాంటుకి, ఫెర్నుకి, పేరు తెలియని తెల్లపూల మొక్కకి, చివరికి కలబందకి కూడా. పక్షపాతం చూపించడం ఆయనకి చేతకాదు.

నిజం చెప్పాలంటే అందులో ఇంకో సంగతుంది. ఇదివరకు గడియారాలు గంట కొట్టాయంటే మేడమీదనించి పిన్ని కేక వినబడేది, కాఫీకో, భోజనానికో, ఊరికే దెబ్బలాడ్డానికో. ఇప్పుడు గంటలు ఆగిపోయాక ఏమీ వినబడటం లేదు. ఆ కాసేపు ఏం చెయ్యాలో తోచక చేతులు పిసుక్కునే బదులు చెంబు పట్టుకోవడం నయమనిపించింది. పిన్ని లేని ఇల్లు బాబాయికి ఏమాత్రం బాగోలేదు. ఆ మాట నోటితో అనడం మాత్రం ఆయన వల్ల కాదు.

సాయంత్రం ఫోన్లో పిన్ని మొట్టమొదట అడిగేది ఒక్కటే. "మొక్కలెలా ఉన్నాయి?"

"బ్రహ్మాండం! నువ్వుండగా కూడా ఇంత బాగా లేవు."

"అయితే మంచిదే. పాప నన్ను వదలట్లేదు. ఇంకొన్నాళ్ళు ఉండి వస్తాలెండి."

బాబాయి ఫోను పెట్టేసి, గొప్పలు పోయినందుకు తనని తనే తిట్టుకున్నాడు. మర్నాడు మళ్ళీ అదే బ్రహ్మాండం, మళ్ళీ అదే ఇంకొన్నాళ్ళు.

ఈలోగా కుండీల్లో పురుగులు లేచాయి. దోమలు కావు, కుట్టవు. ఈగలు కావు, అంత లావు లేవు. నువ్వుగింజకి రెక్కలొచ్చినట్టు నల్లగా ఉండి, కుండీ కదిలిస్తే గుప్పున లేచి సరిగ్గా ముక్కు దగ్గరికే వస్తాయి. కంటికి భూతద్దం తగిలించుకుని చేతిగడియారంలోకి వంగితే, అద్దానికీ కంటికీ మధ్య ఒకటి దూరి ఏనుగంత కనబడేది.

పక్క మందుల కొట్టాయన సలహాలకి పెట్టింది పేరు. "బాబాయ్, గిన్నెలో వెనిగర్ పోసి రెండు చుక్కలు సబ్బునీళ్ళు కలుపు, వచ్చి పడి చస్తాయి" అన్నాడు. నిజంగానే పడి చచ్చాయి. బాబాయి మీసం మెలేశాడు. తెల్లారేసరికి చచ్చినవాటికి రెట్టింపు ఎగురుతున్నాయి. ఈసారి దోమల మందు కొట్టమన్నాడు. అది కొడితే కొట్లోంచి బాబాయి, ఒక కస్టమరు దగ్గుకుంటూ వీధిలో పడ్డారు. పురుగులు మందుల కొట్లో కాసేపు చుట్టపుచూపుగా ఉండి, గాలి బాగయ్యాక తిరిగొచ్చాయి.

ఆ వారంలోనే స్కూలు పెద్ద టీచరుగారు, కొత్త బ్యాటరీ వేయించుకెళ్ళిన వాచీని పట్టుకుని మళ్ళీ వచ్చారు.

"ఇందులో ముళ్ళు కాకుండా ఇంకేదో నడుస్తోందండీ," అన్నారు.

బాబాయి చూశాడు. అద్దం కింద, అంకెల మీద, ఓ నల్లపురుగు తాపీగా షికారు చేస్తోంది. ఆయనకి తల కొట్టేసినట్టయింది. ఇన్నేళ్ళ పనిలో అద్దం కింద దుమ్మురవ్వ మిగిల్చినవాడు కాడు. వాచీ విప్పి, తుడిచి, చేతులు జోడించి ఇచ్చాడు. టీచరుగారు నవ్వుకుంటూనే వెళ్ళారు గాని, బాబాయి మాత్రం పని పక్కన పెట్టి స్టూలు మీద కూలబడ్డాడు.

మొక్కల సంగతి పిన్నికి చెబితే రెక్కలు కట్టుకుని వాలుతుంది. కానీ పరువు పోతుంది. ఇన్నాళ్ళూ కొట్టిన గొప్పలు జన్మంతా దెప్పుతుంది. చెప్పకపోతే పరువు నిలుస్తుంది. కానీ పిన్ని రాదు, ఈలోగా మొక్కలూ దక్కవు. ఎటు చూసినా నష్టమే. చివరికి బాబాయి ఒక ఎత్తు వేశాడు.

"మన కస్టమరొకాయన ఉన్నాడే," అన్నాడు ఆ సాయంత్రం ఫోన్లో. "పాపం, ఆయన కుండీల్లో నల్లపురుగులు లేచాయట."

"నీళ్ళెక్కువ పోస్తున్నాడేమో."

"గంటకోసారి పోస్తాడట."

"గంటకోసారా! ఆ పెద్దమనిషికి వేరే పనీపాటా లేదా?"

"వాళ్ళావిడ ఊళ్ళో లేదు." నోరు జారాక నాలుక కరుచుకున్నాడు బాబాయి.

"అలాగా," అంది పిన్ని. గొంతులో నవ్వు ఉందో లేదో పోల్చుకోలేకపోయాడు. "అయితే ఆయనకి చెప్పండి. ఎగిరేవాటి వెంట పడితే లాభం లేదు. తడిమట్టిలో గుడ్లు పెడతాయి, పిల్లలు అందులోనే పెరుగుతాయి. పైమట్టి పొడిపొడిగా ఎండేదాకా చుక్క నీళ్ళు పోయొద్దనండి. కుండీల కింద పళ్ళాల్లో నిలిచిన నీళ్ళు పారబొయ్యమనండి. పైన పొడి ఇసక పరిచి, పసుప్పచ్చ అట్టముక్కలకి ఆముదం పూసి గుచ్చితే, ఎగిరేవి వాటికే అంటుకుంటాయి. కలబందకి కూడా పోశాడా ఆ మహానుభావుడు?"

"దానిక్కూడానట."

"కర్మ!"

అట్టలు, ఇసక, పళ్ళాలు ఒక్క పూటలో అయిపోయాయి. అసలు కష్టం నీళ్ళు పోయకుండా ఉండటం. గంట కొట్టడం ఆలస్యం, బాబాయి చెయ్యి దానంతటదే చెంబు మీదికి పోయేది. లాభం లేదని చెంబు తీసుకెళ్ళి మందుల కొట్లో అప్పజెప్పాడు. మొదటి రోజు గ్లాసు పట్టుకుని నిలబడి, ఆ నీళ్ళు తనే తాగేశాడు. మనీప్లాంటు ఆకులు రెండు వేలాడితే ఆయన ప్రాణం ఉసూరుమంది. అయినా పళ్ళు బిగబట్టుకుని ఊరుకున్నాడు. అట్టల మీద పురుగులు నల్లగా అంటుకున్నాయి. రానురాను కొత్తవి తగ్గాయి. ఇసక పక్కకి తోసి మట్టిలో వేలు పెట్టడం అలవాటు చేసుకున్నాడు. తడి వేలికి చల్లగా అంటుకునేది, పొడి రాలిపోయేది. ఫెర్నుకి తొందర, కలబందకి నిమ్మళం, ఏ రెండు కుండీలకీ టైము కలవదు. అయినా బాబాయికి కోపం రాలేదు, అది ఆయనకే వింతగా అనిపించింది.

ఒకరోజు కుండీలన్నీ కదిపి చూశాడు. ఒక్క పురుగూ లేవలేదు. కలబంద మధ్యలోంచి లేత ఆకొకటి తొంగిచూస్తోంది.

"మీ కస్టమరు ఎలా ఉన్నాడు?" అని అడిగింది పిన్ని ఆ సాయంత్రం.

"పురుగులు పోయాయి."

"మరి మన మొక్కలో?"

బాబాయి లెక్క వేసుకున్నాడు. బాగాలేవంటే రేపటికల్లా గుమ్మంలో ఉంటుంది, కానీ మొక్కల కోసం వచ్చినట్టవుతుంది. బ్రహ్మాండమంటే ఇంకొన్నాళ్ళు అంటుంది. గోడ మీద గడియారాలన్నీ గంట కొట్టడానికి గుర్రుమన్నాయి. అవి కొట్టేలోగా అనెయ్యాలనుకున్నాడు.

"మొక్కలకేం, బాగానే ఉన్నాయి," అన్నాడు గబగబా. "నాకే బాగోలేదు. నువ్వొచ్చెయ్యవే."

గంటలన్నీ కొట్టి ఆగిపోయాయి. ఫోను తెగిపోయిందేమోనని చెవికి ఇంకా గట్టిగా నొక్కుకున్నాడు.

"ఈ ఒక్క ముక్క అనడానికి ఇన్ని పురుగుల్ని పెంచాలా అండీ?" అంది పిన్ని. ఆ తర్వాత ఫోను పక్కకి పెట్టి కూతుర్ని కేకేసింది. "అమ్మాయీ, నా పెట్టె ఎక్కడ పెట్టావే?"