పెదనాన్న వీపు మీది ముడి

మొన్న ఆదివారం పోర్ట్ బ్లెయిర్‌లోని మా అమ్మాయి ఇంట్లో టీవీ ముందు కూర్చోబెట్టి నాకొక సినిమా చూపించారు. మతిమరుపు జబ్బు వచ్చిన ముసలాయన, ఆయన్ని కంటికి రెప్పలా చూసుకునే భార్య. ఆవిడ చీర నలగదు, గొంతు లేవదు, నువ్వెవరని మొగుడు అడిగితే నవ్వి అన్నం కలిపి పెడుతుంది. ఒకనాడు ఆయన గేటు దాటి వెళ్ళిపోతే పార్కులో బెంచీ మీద భద్రంగా దొరుకుతాడు, ఆవిడ శాలువా కప్పుతుంది, వెనక వేణువు మోగుతుంది. కూతురు, అల్లుడు, మనవరాలు ముగ్గురూ ముక్కులు చీదుకుంటూ కూర్చున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. నానీది, అంటే ఈ అమ్మమ్మది, రాతిగుండె అని మనవరాలు హిందీలో అంటే అననీలే అని ఊరుకున్నాను.

ఆ జబ్బు నాకు తెలుసు. మా వాళ్ళంతా భీమిలి తీరం నుంచి వలలు మోసుకొచ్చి ఈ దీవుల్లో కుదురుకున్న వేటవాళ్ళు, వాళ్ళలో మొదట చదువుకున్న పిల్లను నేను. చౌల్దారీ అనే ఊళ్ళో బడిలో టీచరుగా చేరిన కొత్తలో ప్రతి శనివారం బడి వదిలాక బస్సెక్కి, పోర్ట్ బ్లెయిర్ ఒడ్డున ఉన్న పెద్దమ్మ ఇంటికి వెళ్ళేదాన్ని. వాళ్ళకు పిల్లల్లేరు. పెదనాన్న అప్పటికే ఇంటినీ పెళ్ళాన్నీ మరిచిపోయాడు గానీ ఓడ కూతను మాత్రం మరవలేదు, విశాఖ ఓడ కూసిందంటే చాలు ఊరెళ్ళాలంటూ నేరుగా నీళ్ళలోకి నడిచేవాడు. రెండుసార్లు పీకల్లోతు నుంచి లాక్కొచ్చారు.

పెద్దమ్మ చేపల బుట్ట ఎత్తుకుని బజారుకు పోకపోతే ఆ పూట ఇద్దరికీ పస్తే. అందుకని వలతాడు తెచ్చి ఆయన్ని కట్టేసేది. ఒక కొస దూలానికి, చెయ్యి అందనంత ఎత్తున. పొడవు ఎంతో కొలిచి మరీ కట్టింది, అరుగు దాకా రావచ్చు, పెరట్లోకి వెళ్ళి రావచ్చు, నీళ్ళ దాకా మాత్రం చాలదు. జీవితమంతా వలలు అల్లిన మనిషి కాబట్టి మతి పోయినా వేళ్ళకు ముళ్ళన్నీ గుర్తే, ముందు వైపు కడితే చిటికెలో విప్పేసేవాడు. అందుకే తాడును చంకల కిందుగా, భుజాల మీదుగా తిప్పి, ముడి నడివీపున వేసేది. వేస్తున్నంతసేపూ తిట్టేది, కొరికితే చెంప మీద ఒకటిచ్చేది, ఆ చేత్తోనే ముల్లు తీసి చేప తినిపించేది. సినిమాలో ఈ ముక్క ఉండదు.

మొగుణ్ణి గొడ్డులా కట్టేసిందని వాడంతా ఆడిపోసుకుంది. ఒక్క గంట వచ్చి ఆయన పక్కన కూర్చున్న పుణ్యాత్ములు లేరు. అందరికంటే అన్యాయం నాది, ట్రైనింగు సర్టిఫికెట్ ఉందన్న పొగరుతో మనిషివేనా నువ్వు అని మొహం మీదే అడిగాను. బుట్ట ఎత్తుకుంటూ పెద్దమ్మ అంది: “నీకేటి తెలుసే గుంటా. తాడు జోలికి మాత్రం ఎల్లకు, సమజ్ అయిందా?”

ఆ తర్వాతి శనివారం నేను వెళ్ళేసరికి ఆవిడ ఇంకా బజారు నుంచి రాలేదు. పెదనాన్న అరుగు మీద కూర్చుని చంక కింద కమిలిన చోట రుద్దుకుంటూ, నన్ను వాళ్ళమ్మ అనుకున్నాడో ఏమో, అమ్మా ఇప్పవే అన్నాడు. విప్పాను. ఎంత గొప్ప పని చేశాననుకున్నానో ఇప్పుడు తలుచుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది. టీ పెట్టి ఇద్దామని లోపలికి వెళ్ళాను. నీళ్ళు మరుగుతుండగా ఓడ కూసింది. గ్లాసు పట్టుకుని బయటికి వచ్చేసరికి అరుగు మీద తాడొక్కటే ఉంది.

సాయంత్రానికి డోంగీ పడవల వాళ్ళు ఆయన్ని తెచ్చి ఒడ్డున పడుకోబెట్టారు. అంతవరకూ ఎందుకు కట్టావని తిట్టిన నోళ్ళే గట్టిగా ఎందుకు కట్టలేదని పెద్దమ్మ మీద పడ్డాయి. ఆవిడ తాడు చేతిలోకి తీసుకుని కొస చూసింది, తర్వాత నన్ను చూసింది. “ఆయన సేతికి లొంగని ముడేటుంది? ఇప్పుకోని ఎలిపోనాడు” అంది అందరితో. దగ్గరికొచ్చి చూసినవాళ్ళు లేరు కనక ముడి ఎక్కడ వేసిందో ఆవిడకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. అందరూ కదిలాక నేను నోరు తెరవబోతే తెరవనివ్వలేదు. “నన్నెలాగూ తిడతన్నారు కదే, ఇంకోటి తగిల్తే నాకేటౌద్ది. నీకు నౌకరీ ఉంది. నోరు మూసుకోని చౌల్దారీ ఎల్లు.”

వెళ్ళాను. మొగుణ్ణి చంపిందన్న పేరుతోనే ఆవిడ ఇంకో పదకొండేళ్ళు బతికింది, ప్రతి శనివారం నాకు చేపల పులుసు వండి పెట్టింది, నేను తిన్నాను.

ఇప్పుడు ఆ జబ్బుకొక పేరుంది, డాక్టర్లున్నారు, జాలిపడే జనం ఉన్నారు. మా ఇంట్లో తెలుగు చదవడం వచ్చినవాళ్ళు నేను తప్ప ఎవరూ మిగల్లేదు, ఆ ధైర్యంతోనే ఇది రాస్తున్నాను, పిరికిదాన్ని అప్పుడూ ఇప్పుడూ. మొన్న ఆ సినిమాలో ముసలాయన బయటికి నడుస్తుంటే ఇంట్లోవాళ్ళంతా ఆయన్ని చూసి ఏడ్చారు. నేను మాత్రం ఆ గేటు గడియ తీసిందెవరా అని చూస్తూ కూర్చున్నాను.