కటింగ్ నేర్పే చోటికి కుళ్ళుకుంటూ వెళ్ళొచ్చాను

మా సుజాత ఫిబ్రవరిలో పని మానేసినప్పుడు నేను పెద్దగా పట్టించుకోలేదు. కామారెడ్డిలో నాకు చిన్న కుట్టు యూనిట్ ఉంది, బడి పిల్లల యూనిఫాంలు కుడతాం. "శామీర్‌పేటల మా చిన్నమ్మ ఉంటదక్కా, ఆడ కుట్టుపని ట్రైనింగ్ ఇస్తుండ్రంట" అని చెప్పి వెళ్ళిపోయింది. పోతే పోనీలే, నాలుగు రోజులు తిరిగి తనే వస్తుంది అనుకున్నాను. మే నెల వచ్చింది, ఆర్డర్లు నెత్తి మీద పడ్డాయి, కాలర్ నిటారుగా నిలబడేలా కుట్టే చెయ్యి మాత్రం యూనిట్‌లో లేదు. బడులు తెరిచేలోపు సరుకు అందకపోతే ఆ స్కూళ్ళు మళ్ళీ నా గడప తొక్కవు. అందుకే ఒక శనివారం, బతిమాలో బెదిరించో ఆ పిల్లను వెనక్కి తీసుకురావాలని బయలుదేరాను. తను అంత వదలకుండా పట్టుకున్న ఆ శిక్షణలో ఏముందో చూడాలన్న కుళ్ళు కూడా ఉంది, మీ దగ్గర దాచడం ఎందుకు? పిల్లలను అలాంటిచోట చేర్పిద్దామనుకునేవాళ్ళకూ, నాలాగా చిన్న యూనిట్ నడుపుకునేవాళ్ళకూ ఈ దారి వివరాలు పనికొస్తాయి.

పొద్దున ఏడింటికి సికింద్రాబాద్ వెళ్ళే ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఆడవాళ్ళయితే ఆధార్ కార్డు దగ్గర పెట్టుకోండి, ఎక్స్‌ప్రెస్‌లో చార్జీ లేదు. డీలక్స్ ఎక్కితే మాత్రం డబ్బు కట్టాల్సిందే. రామాయంపేట, తూప్రాన్ మీదుగా తొమ్మిదింటికల్లా మేడ్చల్‌లో దిగాను. బస్టాండు బయట ఇడ్లీ తిని, శామీర్‌పేట వైపు వెళ్ళే షేర్ ఆటో ఎక్కాను. మనిషికి ముప్ఫై రూపాయలు. ఆటో నిండా బ్యాగులు ఒళ్ళో పెట్టుకున్న అమ్మాయిలే. డ్రైవర్ మల్లేశ్ పక్కన అర సీటు దొరికింది.

"గీళ్ళంత ట్రైనింగ్ పొల్లలే అక్కా" అన్నాడు మల్లేశ్. "మాది రావల్కోల్. ఎవుసం జేస్తుంటి, బోరు ఎండిపోయింది. ఇగ ఆటో కొన్న. పొద్దుగాల్ల దింపుత, మల్ల తోల్కవోత. మా ఇంటిది ట్రైనింగ్ గేటు కాడ చాయ్ డబ్బా పెట్టింది. మస్తు నడుస్తాంది."

మా యూనిట్ ముందు కూడా ఒక ఆటో స్టాండు ఉంది. అక్కడి డ్రైవర్లు పగలంతా వెనక సీట్లో కాళ్ళు చాపుకుని నిద్రపోతుంటారు. మల్లేశ్ మాత్రం ఈల వేస్తూ బండి నడుపుతున్నాడు.

ఆ శిక్షణా కేంద్రం ఒక బట్టల కంపెనీ ఆవరణలోనే ఉంది. పేరు రాయను. నాలాంటివాళ్ళు ఇంకో పదిమంది వెళ్ళి బాగుపడితే ఆ మంట కూడా నేనే భరించాలి! ముందురోజు ఫోన్ చేసి అడిగితే పదకొండింటిలోపు వచ్చి చూడొచ్చన్నారు. నేర్పే ఆమె పేరు అరుణ. నవ్వుతూ లోపలికి తీసుకెళ్ళింది. పెద్ద హాలు, పొడవాటి బల్లలు, ప్రతి బల్ల దగ్గరా నలుగురైదుగురు అమ్మాయిలు. బట్ట పొరలుగా పరుచుకుని, సుద్దతో గీతలు గీసి, చక్కగా కట్ చేసుకుంటున్నారు. తప్పు కోస్తే అరుణ తిట్టడం లేదు. పక్కన కూర్చోబెట్టుకుని ఇంకోసారి గీయిస్తోంది.

అది చూసి నా ఒళ్ళు మండిపోయింది. ఈ లైన్‌లో లేనివాళ్ళకు ఆ మంట అర్థం కావాలంటే ఒక సంగతి చెప్పాలి. దర్జీల దగ్గర కుట్టు ఎవరైనా నేర్పుతారు, కటింగ్ మాత్రం నేర్పరు. కటింగ్ వచ్చినవాడు రేపు ఎదురుగానే దుకాణం పెడతాడని భయం. నేను పని నేర్చుకున్న మాస్టరు బట్ట పరిచే వేళకు నన్ను చాయ్ తెమ్మని పంపేవాడు. నేను వచ్చేసరికి బల్ల మీద ముక్కలు తయారుగా ఉండేవి. కింద పడ్డ పీలికలు కొంగులో కట్టుకుని ఇంటికి తెచ్చి, నేల మీద పేర్చుకుని, చంక ఎక్కడ తిరిగిందో మెడ ఎక్కడ వంగిందో ఊహించుకుంటూ ఏళ్ళ తరబడి నేర్చుకున్నాను. ఇక్కడేమో మూడు నెలల్లో, ఫ్యాను కింద, మధ్యాహ్నం భోజనం పెట్టి, పైగా నెలకింత అని చేతిలో పెట్టి మరీ నేర్పుతున్నారు. నా వయసులో సగం లేని పిల్లల మీద కళ్ళల్లో నిప్పులు పోసుకున్నానంటే పోసుకున్నాను.

"గీ ఖర్చంత కంపెనీ ఎట్ల మోస్తది?" అని అరుణను అడిగాను.

"కంపెనీ ఒక్కటే మోస్తలేదు మేడం. సర్కారు జాగ తక్కువ ధరకిచ్చింది, కరెంటు బిల్లుల కొంత ఇడిసిపెడ్తది. దానికి షర్తు ఏందంటే, సుట్టుపక్కల పిల్లలకు పని నేర్పాలె. నేర్చుకునేటప్పుడు మేమిచ్చే పైసలల్ల కొంత సర్కారే వాపస్ ఇస్తది."

"నేర్చుకుని పోతే?"

"మస్తుమంది పోతరు" అంది అరుణ తేలిగ్గా. "సొంతంగ నాలుగు మిషన్లు పెట్టుకుంటరు. మాకు పని ఎక్కువైనప్పుడు వాళ్ళకే ఇచ్చి కుట్టిపిస్తం. పోయినోళ్ళు యాడికి పోతరు మేడం, గీ జిల్లాలనే ఉంటరు గద."

పోయినవాళ్ళు శత్రువులవుతారని నమ్మి బతికినదాన్ని నేను.

సుజాత ఆ రోజు వెనక మిషన్ల గదిలో ఉందన్నారు, శనివారం సగం రోజే శిక్షణ కాబట్టి గేటు దగ్గర ఆగాను. ఒంటిగంటకు సుజాత బయటికి వచ్చింది. నన్ను చూసి ముందు బెదిరి, తర్వాత "అక్కా!" అంటూ చెయ్యి పట్టుకుంది. ఆటోలో శామీర్‌పేట వెళ్ళాం. చెరువుకు దగ్గర్లో, రాజీవ్ రహదారి పక్కన వాళ్ళ చిన్నమ్మ లక్ష్మమ్మ చేపల మెస్ నడుపుతుంది. చిన్నాయన చెరువులో వల వేసి పట్టినవే వండుతుంది. చేపల పులుసుతో భోజనం నూట ఇరవై, అన్నం ఎంతైనా పెడతారు. మధ్యాహ్నం రెండు దాటితే పులుసు మిగలదు, ఆలోపే వెళ్ళండి.

లక్ష్మమ్మ పళ్ళెం నా ముందు పెట్టి, నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడింది. "పొల్లను గుంజుకపోదామనొచ్చినవా ఏంది?"

"అవునమ్మా" అన్నాను. అబద్ధమాడే ఓపిక లేదు. "జీతం పెంచుత. గీ పిల్ల లేకుంటే నా సీజన్ మునుగుతది."

సుజాత ముల్లు తీస్తూ నెమ్మదిగా అంది. "నాకూ రావాల్నని ఉన్నదక్కా. కోర్సు గీ వారంతోని అయిపోతది. కంపెనీల చేరుమంటుండ్రు గని, లైన్ల కూసుంటే పొద్దంత జేబులే కుట్టాలె. నేను నేర్చుకున్నది చెయ్యి మర్చిపోతది."

"మరింకేంది, రా!"

"కటింగ్ టేబుల్ నాకిస్తవా?"

ఆ బల్ల నాది. ఊళ్ళో నన్ను 'కటింగ్ మేడం' అంటారు, ఆ పేరు మీదే బతుకుతున్నాను.

"నీకు ఇంకా అనుభవం చాలదే" అన్నాను.

"ఎట్ల వస్తదక్కా? నువ్వు బట్ట పరిచినప్పుడల్ల నన్ను గుండీలకని బజారుకు తోలుతుంటివి." కోపంగా అనలేదు. అందుకే ఎక్కువ తగిలింది. లక్ష్మమ్మ మాత్రం పకపకా నవ్వి నాకు ఇంకో చేపముక్క వేసింది.

ఆలోచిస్తానని చెప్పి లేచాను. మేడ్చల్‌కు వచ్చి సాయంత్రం నాలుగింటికి కామారెడ్డి బస్సు పట్టుకున్నాను. కిటికీ పక్కన కూర్చుని దారంతా లెక్కలు వేసుకుంటూనే ఉన్నాను. సర్కారు రాయితీ ఇచ్చింది ఒక కంపెనీకి. అది మల్లేశ్ ఆటో దాకా, వాళ్ళావిడ చాయ్ డబ్బా దాకా పారింది. రేపు ఆ అమ్మాయిల ఇళ్ళకూ పారుతుంది. చదువూ పనీ ఒకచోట కలిపి నేర్పితే రాష్ట్రం బాగుపడుతుందని పేపర్లో చదివినప్పుడు నాకేం అనిపించలేదు, కళ్ళారా చూశాకే మండింది. ఇది నా చిన్నతనంలో ఎందుకు లేదు? నా ఊళ్ళో ఇప్పుడైనా ఎందుకు లేదు? తూప్రాన్ దగ్గర ఇక ఉండబట్టక సుజాతకు ఫోన్ చేశాను.

"రా. టేబుల్ నీదే" అన్నాను. అటునుంచి సంతోషంతో ఏదో అనబోతుంటే ఆపేశాను. "గని కత్తెర నీదే తెచ్చుకో. నా కత్తెర ముట్టినవంటే మర్యాదుండదు."

"ఈడనే కొనుక్కున్ననక్కా, కొత్తది" అంది.

అసూయ తగ్గిందా అంటే, తగ్గలేదు. ఇప్పుడు నా బల్ల దగ్గర సుజాత బట్ట పరుస్తుంటుంది, పని నేర్చుకునే ఇద్దరు పిల్లలు పక్కనే నిలబడి చూస్తుంటారు. ఎవరినీ బజారుకు పంపడం లేదు. సరుకు టైముకే వెళ్ళింది. మొన్న ఒక స్కూలు వాళ్ళు వచ్చి "కటింగ్ మేడం ఎవరు?" అని అడిగితే పిల్లలు సుజాతను చూపించారు. ఆ పూట నాకు అన్నం సయించలేదు. వెళ్ళేవాళ్ళకు ఒక్కటే సలహా: మీ దగ్గర బాగా పనిచేసే అమ్మాయి ఉంటే, మీరే శనివారం వెంటబెట్టుకుని వెళ్ళి ఆ హాలు చూపించండి. తనంతట తాను వెళ్ళిందా, తిరిగొచ్చేటప్పుడు షరతులు తనవే అవుతాయి.