ఆనకట్ట దగ్గర తీసిన సీను

ఫిర్మాన్ మా పెదనాన్న కొడుకు. ఫ్రాన్స్‌లో సోన్ నది మీద సరుకు పడవలు నడిపే కుటుంబం మాది. అతను మాత్రం కుర్రతనంలోనే చుక్కాని వదిలేసి పారిస్‌లో నాటకాల్లో చేరాడు. విరిగిన ముక్కు, బొంగురు గొంతు చూసి సినిమావాళ్లు అన్నీ రౌడీ వేషాలే ఇచ్చారు. ఇరవై ఏళ్లు తెర మీద తన్నులు తిని, చచ్చీ చచ్చీ విసిగిపోయాడు.

"ఇక చంపేదీ బతికించేదీ నేనే" అంటూ దర్శకత్వానికి దిగాడు. కథ మా పడవలవాళ్లది. పడవ నాది.

ఆ మార్చిలో నదికి వరదొచ్చింది. నాయిక సొలేన్ పడవ ముందుభాగాన ఒంటరిగా నిలబడే సీను ఆ రోజు తీయాలి.

"నీళ్ల వాలకం బాగాలేదన్నా. రేపు తీద్దాం," అన్నాను.

"ఈ వెలుగు రేపు నువ్వు తెచ్చిస్తావా?" అని కసిరాడు.

కెమెరా తిరుగుతుండగానే ఒడ్డుకు కట్టిన మోకు తెగింది. పడవ అడ్డం తిరిగి, దిగువనున్న ఆనకట్ట వైపు జారింది. సొలేన్ కెవ్వుమంది. నేను చుక్కాని మీద పడ్డాను, అది కదిలితేనా! ఫిర్మాన్ ఒడ్డు వెంట పరుగెత్తి పడవలోకి దూకాడు. ఇద్దరం చుక్కానికి రొమ్ములానించి తోశాం. నీటి హోరులో ఒకరి కేక ఒకరికి వినపడలేదు. చివరికి పడవ ముక్కు తిరిగి బురదలో దిగబడింది. కమ్మీని పట్టుకున్న సొలేన్ వేళ్లను మేమే ఒక్కొక్కటిగా విడదీశాం.

కెమెరామన్ అదంతా తీస్తూనే ఉన్నాడు. అది చూసి నిర్మాత ఎగిరి గంతేశాడు. "ఇంత గొప్పగా ఎవరు నటించగలరయ్యా!"

"నటన కాదది, ప్రాణభయం. సినిమాలోంచి తీసేస్తున్నా," అన్నాడు ఫిర్మాన్.

"తీసేస్తే సినిమా విడుదల చెయ్యను."

"మానెయ్!"

గొడవ ముదిరి సొలేన్ చెవిన పడింది. ఎడిటింగ్ గదికి వచ్చి నిలబడింది.

"నన్నెవరూ అడగరేం?"

"నిన్ను చావుదాకా తీసుకెళ్లింది నేనమ్మా."

"ఆ తప్పు మీదే. మొహం మాత్రం నాది. దాన్ని పారేసి చేతులు కడుక్కుందామనా?"

ఆమె సీను వేయించుకుని, కూర్చోకుండా చూసింది.

"ఉంచండి. అది ఎలా జరిగిందో మాత్రం అందరికీ చెప్పండి."

మా నది ఒడ్డునున్న షాలోన్ పట్నంలో మొదటి ఆటకు ముందు ఫిర్మాన్ వేదికెక్కి, తన మొండితనం వల్లే ఒక మనిషి ప్రాణం మీదికొచ్చిందని చెప్పాడు. కొందరు ఛీ కొట్టారు. అయినా ఎవరూ లేచి వెళ్లలేదు.

తరవాత మరో మూడు సినిమాలు తీశాడు. సొలేన్ వాటిలో ఎందుకు లేదని ఒకసారి అడిగాను.

"మూడుసార్లూ పిలిచాను రా. రానంది," అన్నాడు.